అమ్మ ఎత్తు

పాలజగ్గు బల్ల మీద ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ నింకె దగ్గరికొచ్చేసరికి దారి మార్చుకుంది. నాన్నమ్మ దాన్ని మధ్యలోనే అందుకుని కొడుకు వైపు జరిపింది. తర్వాత లేచి, పొయ్యి మీదున్న కెటిల్ తెచ్చి మనవరాలి కప్పులో నల్లటి కాఫీ పోసింది.

"తాగు. వేడి మీద తాగితేనే పనిచేస్తుంది."

"చేదుగా ఉంది నాన్నమ్మా."

"మరి తియ్యగా ఉంటుందా? మా పిన్ని కూతురు నీ వయసప్పట్నించీ కాఫీయే తాగింది. ఎనభై ఏళ్లు బతికింది, ఈ అల్మరా ఎత్తు దాటలేదు."

"ఆవిడకి పాలు ఇష్టం లేదా?"

"వాళ్లింట్లో ఆవులు లేవు," అంది నాన్నమ్మ, అదే తన వాదనకు పెద్ద బలమన్నట్టు.

నింకె ముక్కు మూసుకుని ఒక గుక్క మింగింది. కిటికీ అవతల కొట్టంలో అరవై ఆవులున్నాయి. పాలు చల్లబరిచే స్టీలు ట్యాంకు నిండి ఉంది. పాలకేంద్రం లారీ వచ్చి తోడుకుపోయాక కూడా అడుగున మిగిలేవి ఒక కుటుంబానికి సరిపోతాయి. పాడికి పేరుపడ్డ ఫ్రీస్‌లాండ్‌లో పాలిచ్చే జంతువుకీ తాగే మనిషికీ మధ్య ఎప్పుడూ పేచీ రాలేదు. అలాంటి చోట, అలాంటి ఇంట్లో, పన్నెండేళ్ల పిల్లకి చుక్క పాలు లేవు, చీజ్ ముక్క లేదు, రొట్టె మీద వెన్న కూడా కంటికి కనిపించీ కనిపించనట్టు రాస్తున్నారు. పిల్ల కడుపు మాత్రం పొద్దస్తమానం నకనకలాడుతోంది.

పాలు ఆపమని డాక్టరు చెప్పలేదు. ఆయన చెప్పింది వేరు. పిల్ల మరీ పొడుగైపోతోందని కిందటి వారం పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే నింకె ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. ఆ నల్లటి ఫిల్మును వెలుగుతున్న అద్దం మీద అతికించి, డాక్టర్ కింగ్మా పెన్సిలు మొనతో వేళ్ల చివర్లు చూపించాడు. ప్రతి ఎముక చివరా ఒక సన్నటి ఖాళీ గీత. ఆ గీత ఉన్నంతకాలం ఎముక పెరుగుతుందట. గీత మూసుకుపోయిన రోజున పెరగడం ఆగిపోతుందట. ఈ పిల్ల గీతలింకా బాగా తెరిచే ఉన్నాయి కాబట్టి నూట ఎనభై నాలుగు సెంటీమీటర్ల దాకా పోవచ్చు, అంటే ఆరడుగులు దాటుతుంది, అన్నాడు. గీతలను తొందరగా మూసేసే మాత్రలున్నాయి. వాడాలంటే పిల్ల పెద్దమనిషి కాకముందే మొదలుపెట్టాలి. వికారం ఉంటుంది, ఒళ్లు వస్తుంది, ఇంకా కొన్ని ఉంటాయి. ఆలోచించుకుని మంగళవారం రండి, అన్నాడు.

అమ్మకు ఆలోచించడానికేమీ లేదు. "రోజుకెన్ని వేయాలండీ?" అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే నాన్నమ్మ తన వంతు వైద్యం మొదలుపెట్టింది. అమ్మ అడ్డం చెప్పలేదు. నాన్న దౌవె ఏ మాటకైనా ముందు పైపు వెలిగించుకునే మనిషి. ఆ రోజు అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తూనే ఉన్నాడు.

నింకె మాత్రం ఆ ఫిల్మును మరిచిపోలేకపోయింది. ఎముకకెలా తెలుస్తుంది, ఇక చాలని? ఎవరు చెబుతారు దానికి? కాఫీ కప్పు పట్టుకున్న నాన్నమ్మ వేళ్లను చూసింది, మొద్దుగా, కణుపులు తేలి. ఆ గీతలన్నీ ఎప్పుడో మూసుకుపోయి ఉంటాయి. నాన్న వేళ్లలో కూడా. బడిలో తన పక్కన కూచునే పిల్లల వేళ్లల్లో కొన్ని మూసుకుంటూ ఉండవచ్చు. తన గీతలు మాత్రం తెరిచి ఉన్నాయి, ఎవరో తలుపెయ్యడం మరిచిపోయిన కొట్టంలాగా. నూట ఎనభై నాలుగు అంటే ఎంతో ఊహకు అందలేదు. అందుకే భయం వేసింది. బడిలో ఇప్పటికే కొంగ అంటున్నారు. రాత్రి పడుకుని కాళ్లు చాపితే మంచం చివరి పలక తగిలినప్పుడల్లా, ఇవాళ నిన్నటికంటే ముందే తగిలిందేమోనని వెనక్కి తీసుకునేది.

"ఆగదేమో కదమ్మా?" అని ఒకసారి అడిగింది. "నూట ఎనభై నాలుగు దగ్గర ఆగకపోతే?"

"ఆపుతాం," అంది అమ్మ. ఆవిడ గొంతులో అంత పట్టుదల నింకె ఎప్పుడూ వినలేదు.

*

దూడలకు పాలు పట్టడం నింకె పని. సాయంత్రం బడి నుంచి రాగానే రబ్బరు బూట్లు తొడుక్కుని, గోరువెచ్చటి పాలు బకెట్లో పోసుకుని కొట్టం చివరికి వెళ్తుంది. చిన్న దూడలు ఇంకా బకెట్లో తాగడం నేర్చుకోలేదు. రెండు వేళ్లు పాలల్లో ముంచి నోట్లో పెట్టి, అవి చప్పరిస్తుండగా మెల్లగా మూతిని బకెట్లోకి దించాలి. నాలుక గరుకుగా వేళ్లను లాగుతుంటే నింకెకు నవ్వొస్తుంది. ఆ శుక్రవారం సాయంత్రం నవ్వు రాలేదు. దూడ నోటి పక్క నుంచి కారే నురగను చూస్తుంటే నోట్లో నీళ్లూరాయి. అటూ ఇటూ చూసింది. గరిటె ముంచి గటగటా తాగేసింది. ఇంకో గరిటె ముంచింది. మూడోది నోటి దగ్గరుండగా తల ఎత్తితే ఎదురుగా నాన్న నిలబడి ఉన్నాడు, చేతిలో గడ్డి పార.

ఆయన ఒక్క క్షణం చూసి, పార భుజాన వేసుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున దూడల దొడ్డి పక్క మేకుకి కడిగిన పింగాణీ కప్పు ఒకటి వేలాడుతోంది. నింకె దాన్ని పాలల్లో నిండా ముంచుకుని తాగి, మళ్లీ కడిగి మేకుకి తగిలించింది.

ఆ పొద్దున ఇద్దరూ డోరాని తయారుచేశారు. డోరా నాన్న గుండెల్లో ఉన్న పడ్డ, ఇంకా ఈనని పడుచు ఆవు. నాన్నమ్మ చెల్లెలి పేరు పెట్టారు. ఆవిడ ఒకసారి చుట్టపుచూపుగా వచ్చి, తన పేరుగల జంతువును చూసి, నాకంటే అందంగా ఉందే అని మురిసిపోయింది కూడా. ఇక్కడి ఆవులు తరతరాలుగా పొట్టివి, గుండ్రటివి. మూడేళ్ల కిందట నాన్న అమెరికా ఆంబోతు విత్తనం తెప్పించి వేయించాడు. నాన్నమ్మ నెల రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. డోరా పుట్టింది, ఎదిగింది, ఎదుగుతూనే ఉంది. మధ్యాహ్నం, మేలుజాతి ఆవుల వివరాలు నమోదు చేసే పశువంశ సంఘం తరఫున హార్మన్‌గారు వచ్చి కొలుస్తాడు.

నాన్న గోరువెచ్చటి నీళ్లతో డోరా కాళ్లు కడుగుతుంటే నింకె తోక వెంట్రుకలు దువ్వుతోంది.

"నాన్నా, ఆవు ఎత్తుగా ఉంటే ఏం లాభం?"

ఆ ప్రశ్న వేస్తే నాన్నకి పైపు అక్కర్లేదు. "ఏం లాభమా? కాళ్లు పొడుగైతే పొదుగు బురదకి తగలదు. రోగాలు రావు. పెద్ద ఒళ్లు, పెద్ద పొట్ట, ఎక్కువ మేత, ఎక్కువ పాలు. ఇదిగో, ఈ తుంటి చూడు. ఇంత వెడల్పుంటే ఈనడం సుళువు. మా నాన్న కాలంలో ఇలాంటిదాన్ని కలలో కూడా చూళ్లేదు."

"ఇంకా పెరుగుతుందా?"

"పెరగాలనే కదా రెండు పూటలా దాణా పెడుతున్నా."

నింకె దువ్వడం ఆపింది. "దీనికి రెండు పూటలా దాణా. నాకు నల్ల కాఫీ."

డోరా మోకాలు తుడుస్తున్న నాన్న చెయ్యి ఆగింది. తడిగుడ్డలోంచి నీళ్లు ఆయన బూటు మీద కారుతున్నాయి.

"అది వేరు," అన్నాడు చివరికి.

"ఎలా వేరు?" నింకె ఎత్తిపొడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మీ అమ్మకి తెలుసు. నాకేం తెలుసు ఆడపిల్లల సంగతులు? నాకు ఆవులు తెలుసు." డోరా కడుపు పక్క తల ఆనించి, ఆవుతో చెబుతున్నట్టు అన్నాడు. "మీ అమ్మ చాలా పడిందిలే. నువ్వు పడకూడదని ఆవిడ బాధ."

"ఏం పడింది?"

"బకెట్ అందుకో," అన్నాడు నాన్న.

*

హార్మన్‌గారు గుండ్రటి మనిషి, చెవులు ఎర్రగా ఉంటాయి. మోటారుసైకిలు వెనక పొడవాటి కొలకర్ర కట్టుకుని జిల్లా అంతా తిరుగుతాడు. ఆ కర్ర మీద జారే అడ్డపట్టీ ఉంటుంది. దాన్ని ఆవు భుజాల మీదికి దించి లెక్క చదువుతాడు. కొట్టం ముందు సిమెంటు నేల మీద నాన్న డోరాని నిలబెట్టాడు. పగ్గం నింకె చేతిలో ఉంది. అమ్మా నాన్నమ్మా కాఫీ, చక్కెర గడ్డలు వేసి కాల్చిన రొట్టె పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

హార్మన్‌గారు పట్టీ దించాడు, చూశాడు, పెదవి విరిచాడు. నాన్న మొహం వాడిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు నాన్న.

"తొందరపడకు దౌవె. నీ పడ్డ మోసం చేస్తోంది." హార్మన్‌గారు కర్ర పక్కన పెట్టి, డోరా చుట్టూ ఒకసారి తిరిగాడు. "చూడు, వెనక కాళ్లు దగ్గరికి లాక్కుని, నడుం కిందికి జార్చి, తల వేలాడేసింది. కొత్తవాళ్లని చూసి బెదిరితే ఇలాగే ముడుచుకుంటాయి. ఏయ్ పిల్లా, పగ్గం పైకి పట్టు. ఇంకా. దాని కళ్లు నీ కళ్లకెదురుగా రావాలి. ఆఁ, అదీ." వీపు మీద బొటనవేలితో ఒక చోట నొక్కాడు. డోరా నడుం ఒక్కసారిగా పైకి లేచింది. కాళ్లు సర్దుకుంది. పట్టీ మళ్లీ దించితే ఈసారి నాలుగు వేళ్ల పైన ఆగింది.

"చూశావా!" హార్మన్‌గారు నాన్న వీపు చరిచాడు. "ఈ చుట్టుపక్కల ఈ ఏడాది నేను కొలిచినవాటిల్లో ఇదే పొడుగు. దౌవె, నీ పంట పండింది పో."

నాన్న నవ్వు చెవుల దాకా వెళ్లింది. నాన్నమ్మ మాత్రం, "నిచ్చెన," అని గొణిగింది.

"ముడుచుకున్నప్పుడు కొలిస్తే లెక్క అబద్ధమా?" అడిగింది నింకె.

"అబద్ధం కాదు తల్లీ. అది ముడుచుకున్నదాని లెక్క. ఆవు లెక్క కాదు." ఆయన రొట్టె కొరికి, నమిలి, నింకెని పైనుంచి కిందికి చూశాడు. "నాకు కర్ర అక్కర్లేదు, కంటితో చెప్పేస్తా. నువ్వు నూట డెబ్బై ఒకటి."

నింకె నోరు తెరిచింది. "డాక్టరూ అంతే చెప్పాడు! మా అమ్మ?"

అమ్మ అప్పుడే ట్రే సర్దడానికి వంగింది. కప్పులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఒక్కోదాన్నీ తీసి మళ్లీ పెట్టింది. హార్మన్‌గారు కళ్లు చికిలించి ఆవిడ వీపు వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. నాన్న పైపు కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"నేను ఆవుల్నే కొలుస్తానమ్మా," అన్నాడు హార్మన్‌గారు. తర్వాత అమ్మతో, "కాఫీ బాగుంది ఫ్రౌకె."

*

అప్పట్నించీ నింకెకు ఒకటే ధ్యాస పట్టుకుంది.

పన్నెండేళ్లుగా అమ్మని చూస్తోంది, కానీ ఎత్తెంతో చూడలేదు. అమ్మను ఎవరు కొలుస్తారు? ఆదివారం చర్చిలో కీర్తనకు అందరూ లేచినప్పుడు ఓరగా చూసింది. అమ్మ ఒక మోకాలు వంచి, భుజం కిందికి జార్చి, పుస్తకం మీదికి తల దించి నిలబడుతుంది. ఆ నిలబడే తీరు నింకె ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో గుర్తొచ్చేసరికి కీర్తన మధ్యలో నవ్వు తన్నుకొచ్చింది. నాన్నమ్మ మోచేత్తో పొడిచింది.

ఇంటికొచ్చాక వెనక గది గోడ మీదున్న పెళ్లి ఫోటో ముందు నిలబడింది. నాన్న నిలబడి ఉన్నాడు, గొప్పగా ఛాతీ విరుచుకుని. అమ్మ కుర్చీలో కూర్చుంది. ఆ పక్కనే పెదనాన్నల పెళ్లిళ్ల ఫోటోల్లో ఇద్దరూ నిలబడే ఉన్నారు. కొట్టానికీ వంటింటికీ మధ్య తలుపు దగ్గర నాన్న మామూలుగా నడిచి వస్తాడు. అమ్మ మాత్రం ఆ తలుపు ముందు ఎప్పుడూ తల వంచుతుంది. ఎంతగా వంచుతుందో నింకె ఇప్పుడే గమనించింది.

"నాన్నా, అమ్మ నీకంటే పొడుగు కదా?"

నాన్న ఒకసారి వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "కాస్త."

"కాస్తంటే?"

"కాస్తంటే కాస్త. ఆ మాట ఆవిడ దగ్గర ఎత్తకు."

"నీకేమైనా బాధా?"

"నాకా?" నాన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకెందుకు? పై అరలోవి నన్నెవరూ తియ్యమనరు."

సోమవారం బట్టలుతికే రోజు. నింకె బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో ఎండిన దుప్పట్లు తీస్తోంది. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా కొడుతోంది. ఆ తీగను నాన్న చాలా పైకి కట్టాడు. నాన్నమ్మకు అందాలంటే పీట వేసుకోవాలి, అందుకని ఆవిడ ప్రతి వారం సణుగుతుంది. ఒక పెద్ద దుప్పటి గాలికి తీగ మీద మెలిపడిపోయింది. అమ్మ దాన్ని విడదీయడానికి రెండు చేతులూ పైకెత్తి, మడమలు నేలకు నొక్కి, మెడ సాచి నిలబడింది. తనని ఎవరూ చూడటం లేదనుకుంది. నోట్లో క్లిప్పులు పెట్టుకుని ఏదో రాగం తీస్తోంది.

నింకె సైకిలు పట్టుకుని అలాగే ఆగిపోయింది. అమ్మ అంత పెద్దగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ గాలిలో, ఆ తెల్ల దుప్పట్ల మధ్య, చాలా బాగుంది అమ్మ. ఎందుకో తెలియకుండానే గర్వం కలిగింది.

సైకిలు స్టాండు చప్పుడుకు అమ్మ తిరిగింది. చేతులు దిగాయి, భుజాలు దిగాయి, మోకాలు వంగింది. మళ్లీ రోజూ ఉండే అమ్మ అయిపోయింది.

"అమ్మా, నువ్వెంత ఎత్తు?"

"నూట డెబ్బై ఆరు. మొన్న డాక్టరుకి చెప్పానుగా, విన్లేదూ?" చాలా వేగంగా వచ్చింది జవాబు. "ఆ కొస పట్టుకో."

ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని లాగి, దగ్గరికొచ్చి మడత వేశారు. మళ్లీ దూరం జరిగారు.

"నాన్న చెప్పాడు, నువ్వు చాలా పడ్డావని."

"మీ నాన్నకి నోరు ఎక్కువైంది." అమ్మ మడతను పొట్టకి ఆనించి నిమిరింది. ఇంకో దుప్పటి తీసింది. అది కూడా మడిచి పెట్టింది. తర్వాత నింకె వైపు చూడకుండా చెప్పుకొచ్చింది.

"పదహారేళ్లకి డాన్సు నేర్చుకోవడానికి పంపేవాళ్లు మమ్మల్ని. ఊళ్లో హాల్లో, శనివారాలు. ఆడపిల్లలం గోడ వారగా కుర్చీల్లో కూచోవాలి. మగపిల్లలొచ్చి అడగాలి. కూచుని ఉంటే తెలియదుగా, ఒకడొచ్చి అడిగేవాడు. నేను లేచేదాన్ని. లేస్తూ ఉంటే వాడి మొహం..." అమ్మ క్లిప్పు బుట్టలో పడేసింది. "ఒకడు, 'ఇంకా ఉందా?' అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ చలికాలమంతా ఒక్కరూ అడగలేదు. చివరి కుర్చీలో కూచుని అందరి కోట్లూ ఒళ్లో పెట్టుకుని కాపలా కాసేదాన్ని. ఇంటికొచ్చి మా అమ్మకి, భలే సరదాగా గడిచిందని చెప్పేదాన్ని."

 నింకెకు అమ్మ మీద జాలి, ఆ హాలంతటి మీదా కోపం వచ్చాయి. "వాడి పేరేంటి?"

"ఎవడిది?"

"ఇంకా ఉందా అన్నవాడిది."

అమ్మ నవ్వబోయి ఆపుకుంది. దగ్గరికొచ్చి కూతురి చెంప మీద చెయ్యి వేసింది. "నాకప్పుడు మాత్రలు లేవు. నీకున్నాయి. నిన్ను చూసి ఎవడూ అలా నవ్వకూడదు. అంతే. నేనడిగేది అంతే నింకె."

*

మంగళవారం ఆసుపత్రిలో డాక్టర్ కింగ్మా గదిలోకి వెళ్లగానే ఆయన ఆ ఫిల్మును మళ్లీ అద్దం మీద పెట్టాడు. తెల్ల జుట్టు, నిదానం మనిషి. అమ్మ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాం. మాత్రలు రాయండి డాక్టర్‌గారూ. పాలు కూడా ఆపేశాం."

"పాలా?" ఆయన కళ్లజోడు పైకి నెట్టాడు. "పాలు ఎందుకాపారమ్మా? పాలాపితే ఎత్తు ఆగదు. ఎదిగే ఎముకకి బలం లేకుండా పోతుంది, అంతే. ఈ పిల్ల వయసులో ఎముకకి ఎంత పెట్టినా చాలదు. ఇవాళే మొదలుపెట్టండి. మాత్రలు వేసినా, వెయ్యకపోయినా."

అమ్మ తల వంచుకుంది. నింకె మనసులో నాన్నమ్మ కాఫీ కెటిల్‌ను కిటికీలోంచి బయటికి విసిరేసింది.

డాక్టరు కాగితాలు తిరగేస్తూ గడ్డం గోక్కున్నాడు. "నాకొక సంగతి అంతుపట్టడం లేదు. ఎముకలు చెప్పే లెక్క ఒకటి. దాన్ని అమ్మానాన్నల ఎత్తుతో సరిచూస్తాం. తండ్రి నూట డెబ్బై నాలుగు. మీరు నూట డెబ్బై ఆరు. ఇంత పొడుగు ఎక్కణ్ణుంచి వస్తోంది? మీ వైపెవరైనా ఉన్నారా?"

"లేరండి," అంది అమ్మ.

డాక్టరు అమ్మనే చూస్తున్నాడు. కుర్చీలో ఒదగని ఆ మోకాళ్ల వైపు చూశాడు. "ఒకసారి చెప్పులు విప్పి ఆ గోడ దగ్గర నిలబడతారా?"

"నేనా? నాకెందుకండీ? చూపించుకోవాల్సింది పిల్లకి కదా."

"నా సరదా అనుకోండి."

అమ్మ చాలాసేపు చెప్పుల బకిల్స్ విప్పింది. గోడకు బిగించిన కొలపట్టీ కింద వెళ్లి నిలబడింది. చేతిసంచీ ఇంకా చేతిలోనే ఉంది. డాక్టరు దాన్ని మర్యాదగా తీసుకుని బల్ల మీద పెట్టాడు. చెక్క అడ్డపట్టీని అమ్మ తల మీదికి దించాడు.

"నూట ఎనభై రెండు," అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు.

అమ్మ చెంపలు ఎర్రబడ్డాయి.  నింకె వేళ్ల మీద లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి. ఇంకోసారి లెక్కపెట్టింది. ఆ తర్వాత ఆ పిల్ల మొహంలో వారం రోజులుగా బిగుసుకుని ఉన్నదేదో వదులైంది.

"డాక్టర్‌గారూ, నేను నూట ఎనభై నాలుగు అవుతానన్నారు కదా?"

"దగ్గర దగ్గర."

"అంటే అమ్మకంటే రెండే ఎక్కువ?" నింకె కుర్చీలోంచి లేచి నిలబడింది. "అంతేనా? నేనింకా... నేను అసలు ఆగనేమో అనుకున్నా. దీపస్తంభంలా అయిపోతానేమో అనుకున్నా. అమ్మంతేనా?"

"సుమారుగా అమ్మంతే."

"మరి మాత్రలు దేనికి?" నింకె నిజంగానే అర్థంకాక అమ్మ వైపు తిరిగింది. "నీలాగా అవ్వకుండా ఉండటానికా? ఎందుకమ్మా? నిన్న బట్టలు తీస్తున్నప్పుడు నువ్వెంత బాగున్నావో నీకు తెలుసా? నేను సైకిలుకి స్టాండెయ్యడం మరిచిపోయా."

 చెక్క పట్టీ ఇంకా అమ్మ తల మీదే ఉంది. కళ్లలో నీళ్లు నిండాయి, కానీ తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఆగాడు. బయట నడవాలో ఎవరో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి ఊరుకోబెడుతోంది.

"ఇక వచ్చెయ్యొచ్చమ్మా," అన్నాడు చివరికి డాక్టరు. "మాత్రల సంగతి..."

"మాత్రలొద్దండి." అమ్మ గోడ దగ్గర నుంచి కదల్లేదు. "కానీ ఇంకోసారి కొలవండి. ఇప్పుడు కాస్త మోకాళ్లు వంచాను."

డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. పట్టీ పైకి జరిపాడు. అమ్మ మడమలు గోడకు ఆనించింది. మోకాళ్లు నిటారుగా పెట్టింది. భుజాలు వెనక్కి వెళ్లాయి, మెడ లేచింది, గడ్డం లేచింది. ఎన్నో ఏళ్లుగా మడిచి పెట్టిన ఆ ఒళ్లు ఒక్కో మడతా విప్పుకుంటూ లేస్తుంటే నింకె ఊపిరి బిగబట్టి చూసింది. డాక్టరు ఈసారి పట్టీ దించడానికి మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది.

"నూట ఎనభై అయిదు."

"అయిదా?" నింకె మొహం చిన్నబోయింది. అమ్మని చూసింది, గోడ మీది అంకెను చూసింది, డాక్టరు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగింది.

"డాక్టర్‌గారూ, ఇంకొక్క సెంటీమీటరు పెరగడానికి మాత్రలేమైనా ఉన్నాయా?"